వాషింగ్ మెషిన్ పాట

రౌండెబౌట్ తిరిగినప్పుడల్లా వ్యాను వెనకాల పెద్ద బిర్యానీ దేగ్షా జరిగి ఇనపగోడకి ఠంగుమని కొట్టుకుంటోంది. కొట్టుకున్నప్పుడల్లా పక్కసీట్లో కూచున్న బాలమురళి గుండె జారి, మళ్ళీ ఎలాగో చోటుకి వస్తోంది. మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్ నుంచి వెర్రిబీ పోలీస్ స్టేషన్‌కి మామూలుగా అయితే పావుగంట. స్కూళ్ళు వదిలే వేళ కాబట్టి ఇవాళ ముప్పావుగంటో, గంటో. ఇంకా ఎన్ని రౌండెబౌట్లు, ఇంకా ఎన్ని ఠంగులు, ఇంకా ఎంతసేపు ఈ మనిషి పక్కన నోరు కుట్టేసుకుని కూచోవాలి దేవుడా అనుకుంటున్నాడు, అనుకుంటూనే ఈ ట్రాఫిక్ ఇలాగే ఆగిపోయి పోలీస్ స్టేషన్ అసలు రాకపోతే బాగుండునని కూడా అనుకుంటున్నాడు. ఖలీద్ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. కంగారు పుడితే అతనంతే. తొమ్మిదేళ్ళ స్నేహంలో ఆ తాళం బాలమురళికి కంఠతా వచ్చేసింది.

"దేగ్షా, గంటెలు అన్ని వెట్టిన భాయ్ వెనుక," అన్నాడు ఖలీద్. "వాళ్ళు గూడ చూడాలె గదా. ఆకుపచ్చ రంగు ఎవ్వరేసిండ్రని అడిగితే నువ్వే చెప్పాలె."

"ఊఁ," అన్నాడు బాలమురళి. అంతకంటే పెద్ద మాట నోట్లోంచి రానివ్వడానికి భయమేసింది.

భయం కాక మరేమిటి, పదకొండేళ్ళుగా మెల్‌బోర్న్‌లో ఉగాది అంటే, దీపావళి అంటే స్టేజీ మీద మైకు తనది. ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు నోరు విప్పని మనిషి, మైకు చేతికిస్తే చాలు, జలుబు చేసిన పంతులుగారు, సొంత కొడుకు ఫోన్ ఎత్తితే ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో తిట్టే మామగారు, బోర్డింగ్ గేటు దగ్గర ఆవకాయ జాడీ కోసం ఏడ్చే పెద్దావిడ, ఒకరి తర్వాత ఒకరు ఆ గొంతులోంచి బిలబిలమని దిగేవాళ్ళు, వెయ్యిమంది కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు. మీ గొంతులో ఎంతమంది కాపురం ఉన్నారండీ అని అడిగేవాళ్ళు. అద్దె కూడా కట్టరండీ వెధవలు అనేవాడు తను. అబ్బో, ఎంత తెలివి. ఇప్పుడు నోరు తెరిస్తే అందులోంచి ఎవరు దిగుతారో తెలియదు. పొరపాటున ఖలీద్ దిగితే? ఖలీద్ పక్కనే ఖలీద్ దిగితే?

సర్వీస్ రోడ్డు మీద కార్లు బారులు తీరాయి. ముందు కారు వెనక అద్దానికి 'బేబీ ఆన్ బోర్డ్' అని పసుపు పలక. ఆ వీడియో వచ్చి ఆరు రోజులైంది. పదిహేడు సెకన్లు. అందులో ఖలీద్ తన బిర్యానీ కొట్టులో కౌంటర్ వెనకాల, నీలంరంగు ఏప్రన్‌తో నిలబడి ఉంటాడు. అది నిజంగా అతనే, రంజాన్‌కి అందరికీ శుభాకాంక్షలు చెప్తూ కొట్టు పేజీలో తనే పెట్టుకున్న వీడియో. మొహం అదే, గడ్డం అదే, కనుబొమ ఎగరెయ్యడం కూడా అదే. పెదాలు మాత్రం ఇంకేదో మాట్లాడుతున్నాయి. ఎవడో పుణ్యాత్ముడు కంప్యూటర్‌లో కూచుని ఆ పెదాల్ని తిప్పి, ఈ మాటలకి అతికించాడు. "సునో భాయ్, వెజ్ బిర్యానీ అంటే ఏంది? అదే దేగ్షా, అదే మసాలా. ముక్కలు దీసి పక్కకు వెడ్తం, గంతే. మీ పూజలకు గూడ అదే వోతది. ఇన్నేండ్లల్ల ఎవ్వరన్న గుర్తు వట్టిండ్రా?" ఆ తర్వాత నవ్వు, మూడు విడతలుగా, చివర్న చిన్న దగ్గుతో. సరిగ్గా ఖలీద్ నవ్వు. ఎన్ని గుమ్మాల్లోకి వెళ్ళిందా భోజనం, ఎన్ని వ్రతాలకి, ఎన్ని గృహప్రవేశాలకి. చూసినవాళ్ళ కడుపులు భగ్గుమన్నాయి. నవరాత్రి ఆర్డర్లన్నీ ఒక్క పూటలో రద్దయ్యాయి, ఫోన్లో బండబూతులు, మర్నాడు కౌన్సిల్ నుంచి తనిఖీ, మూడోనాడు రాయి.

రాయి సంగతి తలుచుకోకూడదు. ఖలీద్ మొహం పెట్టినవాడెవడో తనకీ తెలియదు. కానీ ఆ గొంతు ఎవరిదో తనకి తెలుసు.

కుడిపక్కన కొత్త ఇళ్ళు, అన్నీ ఒకే బూడిదరంగు పైకప్పులు, ఒకే ఎత్తు ఫెన్సులు, ఆకుపచ్చ ఫెన్సొకటి కనబడగానే కళ్ళు తిప్పేసుకున్నాడు. ఖలీద్ గంటెలకి తను పూసింది ఆ రంగే. వరలక్ష్మీ వ్రతానికి మొదటిసారి ఆర్డర్ వచ్చిన ఏడు, ఆదివారం పొద్దున్నే ఖలీద్ కొత్త దేగ్షా, కొత్త గంటెలు, కొత్త చిల్లుల పళ్ళెం వ్యానులో వేసుకుని తన ఇంటికొచ్చాడు. మీ దేవుని పని, నా చెయ్యి, నడుమ తప్పు రావొద్దు భాయ్, ఏదన్న గుర్తు వెట్టు అన్నాడు. గరాజ్‌లో ఫెన్సుకి వేసి మిగిలిన రంగుంటే తనే బ్రష్షు పట్టుకుని పిడులన్నిటికీ ఆకుపచ్చ పూశాడు. ఇద్దరూ డ్రైవ్‌వేలో కూచుని టీ తాగుతూ ఆరబెట్టారు. ఆ రోజు నుంచి పచ్చపిడి గంటె పొరపాటున మాంసం వైపు పోతే ఖలీద్ దాన్ని చెత్తబుట్టలో పారేసేవాడు, కడిగితే పోదా అని వాళ్ళావిడ మసూదా మొత్తుకున్నా వినేవాడు కాదు. లోకంలో ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు ఎవడయ్యా అంటే రంగు పూసినవాడే. ఆ జోకు వేసిందీ వాడే.

జోకే కదా. జోకే. ఆగస్టులో ఓ ఆదివారం, చలిగా ఉన్నా ఎండ కాసిందని స్నేహితుడు కిట్టు వాళ్ళని, ఇంకో నాలుగు కుటుంబాలని ఇంటికి పిలిచి పెరట్లో బార్బెక్యూ పెట్టుకున్నారు. ఖలీద్‌కి ఆ పూట క్యాటరింగ్ ఉండి రాలేదు. వచ్చి ఉంటే ఆ జోకు ఉండేది కాదు. గ్రిల్ మీద ఒక పక్క చికెన్, ఒక పక్క పనీర్ కాలుతుంటే, ఎవరో ఆ రెండూ తగులుతున్నాయండోయ్ అన్నారు. అంతే, తన నోరు ఊరుకుందా? నడుం మీద చెయ్యి పెట్టి, కనుబొమ ఎగరేసి, సునో భాయ్ అని అందుకున్నాడు. పెరడంతా గొల్లుమంది. కిట్టు కుర్చీలోంచి కింద పడినంత పని చేసి, "అన్నా, వాయిస్ నోట్ చేసి గ్రూప్‌లో పడెయ్యవా, రానివాళ్ళు మిస్సవుతారు," అన్నాడు. చప్పట్లకి ముఖం వాచిన వెధవ, తనేం చేశాడు? పెరట్లో గోల ఎక్కువగా ఉందని, బట్టలుతికే గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మళ్ళీ మొదట్నుంచి, ఇంకా బాగా చేశాడు. ఇరవై రెండు సెకన్లు. ఖలీద్ లేని నలభై మంది గ్రూప్‌లోకి వదిలాడు. నవ్వుల బొమ్మలు పడుతుంటే చూసుకుని మురిసిపోయాడు. అక్కణ్ణుంచి అది ఏ గ్రూప్‌లోకి పోయిందో, ఎవరి చేతిలో పడిందో, ఎవడు దానికి మొహం తొడిగాడో. గ్రూప్‌లో విన్నవాళ్ళెవరూ ఇప్పటిదాకా నోరు విప్పలేదు. కత్తి తను నూరి వీధిలో పారేసి వచ్చాడు, అంతే.

ఇంకొకటుంది. రికార్డు చేస్తున్నప్పుడు వాషింగ్ మెషిన్ ఉతకడం అయిపోయి పాట పాడింది. ఆ కంపెనీవాళ్ళు పెట్టిన చిన్న ట్యూను, టిరిరీ టిరిరీ అని. అప్పుడు పట్టించుకోలేదు. వీడియో రెండోసారి విన్నప్పుడు, 'మీ పూజలకు గూడ' అనే చోట, ఖలీద్ గొంతు వెనకాల, ఎంతో దూరంగా, సన్నగా, టిరిరీ. అప్పటిదాకా ఎవడో ఖలీద్ గొంతు కూడా మిషన్‌తో చేసి ఉంటాడులే అని తనకి తను చెప్పుకుంటున్నాడు. కొట్టులో వాషింగ్ మెషిన్ ఎక్కడిది? ఇప్పుడు ఇంట్లో బట్టలు వేస్తే చాలు, ఆ పాట ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించుకుని కూచోవడమే పని. పాట రాకముందే పరుగెత్తుకెళ్ళి మిషన్ ఆపేస్తున్నాడు, తడిబట్టలు నీళ్ళు కారుతుంటే అలాగే తీసి ఆరేస్తున్నాడు. నీకేమన్నా పట్టిందా అంది సింధుజ. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు, ఎందుకంటే భార్య కదా, ఆవిడకీ తెలుసు. వచ్చే నెల సిటిజన్‌షిప్ సెరిమనీ పెట్టుకుని పోలీసుల దగ్గర నీ పేరెందుకు, వీడియో చేసింది మనం కాదుగా, నోరు మూసుకుని కూచో, అంది వంటింట్లో చాలా నెమ్మదిగా. వాళ్ళమ్మాయి గీతిక ఆ పక్కనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని హోంవర్క్ చేసుకుంటోంది. హెడ్‌ఫోన్స్ తీసి, ఫోన్ పైకెత్తి చూపించి, "డాడ్, దట్స్ అవర్ వాషింగ్ మెషీన్," అంది.

"అన్ని మిషన్లూ అలాగే పాడతాయమ్మా," అన్నాడు తను.

"నో దే డోంట్," అంది గీతిక. పదమూడేళ్ళ పిల్ల కళ్ళు. ఆ కళ్ళతో ఇంకేమీ అడగలేదు, మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది. అప్పటినుంచి తండ్రితో ఒకటి రెండు ముక్కలకి మించి మాట్లాడటం లేదు. స్కూల్లో ఎవరికైనా చెప్పిందేమో. చెప్పి ఉంటే ఎవరికి? ఆ ఎవరో ఇంకెవరికి? వాట్సాప్ మోగినప్పుడల్లా ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాడు.

గాలి దక్షిణం నుంచి తిరిగినట్టుంది, వెర్రిబీకి గుర్తయిన మురుగునీటి శుద్ధి కేంద్రం వాసన వ్యానులోకి వచ్చింది. ఖలీద్ అద్దం పైకెత్తాడు. "వెర్రిబీ వచ్చినం," అన్నాడు నవ్వబోయి. నవ్వలేదు. "అఫీఫా నిన్న అద్దంల చూసుకుంటుండె. నాలుగు కుట్లు, కనుబొమ మీద. అబ్బా, మచ్చ వడ్తదా అనడుగుతది. పడది బేటీ అన్న. పడ్తదేమో భాయ్, పడ్తదా?"

రాయి సంగతి తలుచుకోకూడదనుకున్నాడు. అయినా అదే వచ్చింది. యూనివర్సిటీ క్లాసులయ్యాక మధ్యాహ్నాలు కొట్టులో కూచునే ఖలీద్ కూతురు అఫీఫా, ఇరవై ఏళ్ళ పిల్ల, గీతికకి లెక్కలు చెప్పే పిల్ల. రాయి తగిలి కొట్టు అద్దం బద్దలయినప్పుడు కౌంటర్ వెనక్కి వంగిందట, వంగకపోతే కన్నే. కన్నే పోయేది. ఒక్క అంగుళం. ఒక్క అంగుళం ఇటయితే తన ఇరవై రెండు సెకన్లు ఆ పిల్ల కంట్లో ఉండేవి. రాయి వేసినవాడు ఎవడో తెలియదు, రాయికి కాగితమొకటి చుట్టి విసిరి పోయాడు, మళ్ళీ వస్తామని. వస్తారా? ఈసారి రాయితోనే వస్తారా? అద్దం ఉన్నచోట ఇప్పుడు ప్లైవుడ్ కొట్టారు, లోపల పగలే లైట్లు వేసుకుని కూచుంటున్నారు తండ్రీ కూతుళ్ళు. మూడుసార్లు ఫోన్ తీసి ఖలీద్‌కి చెప్పేద్దామని నంబరు నొక్కి, మూడుసార్లూ అఫీఫాకి ఎలా ఉంది భాయ్ అని మాత్రమే అడిగి పెట్టేశాడు. ఛీ, ఏం బతుకు.

"పడదులే," అన్నాడు. గొంతు బొంగురుగా వచ్చింది, ఎవరిదో తెలియని గొంతు.

ఖలీద్ మళ్ళీ తాళం అందుకున్నాడు. ఆ వేళ్ళకేసి చూస్తుంటే ఇంకో రోజు గుర్తొచ్చింది, అన్నిటికంటే గుర్తు రాకూడని రోజు. లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో ఖలీద్ వాళ్ళమ్మ పోయింది. విమానాలు లేవు. కడసారి చూపు ఫోన్‌లోనే. నిబంధనల మాట దేవుడెరుగు, తను పక్కదారిన వెళ్ళి వాళ్ళ గరాజ్‌లో అతని పక్కన కూచున్నాడు. ఖలీద్ ఫోన్‌లో వాళ్ళన్నతో మాట్లాడుతూ, అమ్మీ దగ్గర పెట్టు ఫోను, చెవు దగ్గర పెట్టు, అంటూ ఏడుస్తున్నాడు. తను అతని వీపు నిమురుతున్నాడు. కళ్ళలో నీళ్ళు నిజంగానే తిరిగాయి, అబద్ధం కాదు. కానీ ఆ నీళ్ళ వెనకాల ఇంకొకడు కూచుని వింటున్నాడు. ముక్కులో మొదలవుతుంది గొంతు, చివరి మాటకి ఛాతీలోకి దిగుతుంది, దిగేముందు చిన్నగా విరుగుతుంది, అదీ కిటుకు అని రాసుకుంటున్నాడు. అప్పటిదాకా ఎన్నిసార్లు ప్రయత్నించినా పట్టుబడని ఖలీద్ గొంతు ఆ రోజు పట్టుబడింది. ఇంటికి కారు నడుపుకుంటూ ఒంటరిగా ఒకసారి చేసి చూసుకున్నాడు కూడా. సరిగ్గా వచ్చింది. సంతోషించాడు. అమ్మ పోయిన మనిషి దగ్గర నుంచి వస్తూ సంతోషించాడు. వీడియో చేసినవాడు మొహమే దొంగిలించాడు. తను?

సిగ్నల్ దగ్గర ఆగారు. ఒక పిల్లాడు సైకిల్ హెల్మెట్‌కి, ఇక్కడి వసంతంలో నెత్తి మీద పిట్టలు పొడవకుండా, ప్లాస్టిక్ ముళ్ళు గుచ్చుకుని రోడ్డు దాటుతున్నాడు. ఖలీద్ వేళ్ళ తాళం టక్కున ఆగింది.

"భాయ్, ఒక ఐడియా వచ్చింది," అన్నాడు ఇటు తిరిగి. ఆరు రోజుల్లో మొదటిసారి ఆ మొహంలో వెలుగు. "పోలీసామె మొన్న ఏమన్నదెరికెనా? మొహం ఫేక్ అంటే ఒప్పుకుంటం గని వాయిస్ మీదే అని అందరు అంటుండ్రు గదా అన్నది. మా కజిన్ గూడ అదే అంటడు, గొంతు నీదే గదరా అని. నువ్వు ఆర్టిస్టువి. ఆమె ముందట నా గొంతు చేసి చూపెట్టు. వేరేటోని గొంతు ఇంత అలకగ చెయ్యొచ్చని ఆమెకు సమజయితది. నీ అసొంటోడు ఇంకొకడెవడో చేసిండని తెలుస్తది. ఎట్లుంది?"

కిటికీలోంచి దూకేస్తే ఎలా ఉంటుందా అనుకున్నాడు బాలమురళి. సిగ్నల్ పచ్చబడింది. "నా వల్ల కాదేమో భాయ్. నీ గొంతు నాకు రాదు," అన్నాడు.

"గట్లంటవేంది! నువ్వు చెయ్యని గొంతుందా? నాది గూడ చేస్తవట గదా, అఫీఫాకు గీతిక చెప్పిందట. నాకెన్నడు వినిపియ్యలే నువ్వు."

గీతిక చెప్పింది. ఎప్పుడు చెప్పింది? వీడియోకి ముందా, ఆ తర్వాతా? ఇంకేం చెప్పింది? ఈ మనిషి తెలిసే అడుగుతున్నాడా, తెలిసే తీసుకెళ్తున్నాడా? పక్కకి చూశాడు. ఖలీద్ అద్దంలో చూసుకుంటూ పార్కింగ్‌లోకి తిప్పుతున్నాడు, పెదాలు కదుపుతూ ఏదో దువా చదువుకుంటున్నాడు. తెలియదు. ఏమీ తెలియదు ఇతనికి. అదే ఎక్కువ భయమేసింది. దేగ్షా ఆఖరిసారి ఠంగుమని ఆగింది.

"ఒక్కనితోని లేవది అది. ముందు మాట్లాడుదం, తర్వాత ఇద్దరం దింపుదం," అన్నాడు ఖలీద్.

లోపల ఫినాయిల్ వాసన, గోడమీద తప్పిపోయిన వాళ్ళ ఫోటోలు, ప్లాస్టిక్ కుర్చీలు. కౌంటర్ వెనకాల ఖలీద్ చెప్పిన పోలీసమ్మ, పాతికేళ్ళుంటాయేమో, నవ్వుతూ పలకరించింది. ఖలీద్ తడబడే ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, మై ఫ్రెండ్ మేడమ్, బిగ్ ఆర్టిస్ట్, ఎనీ వాయిస్ హీ కెన్ డూ, ప్లీజ్ లిసన్ వన్ మినిట్. ఆమె చేస్తున్న పని ఆపి, ఆ వీడియో తెరమీద పెట్టుకుని, సరే చెయ్యండి చూద్దాం అంది. ఖలీద్ చెయ్యి వచ్చి బాలమురళి భుజం మీద పడింది, ధైర్యం చెప్పినట్టు. వెచ్చటి చెయ్యి. మరీ అంత బాగా చెయ్యకుండా, కాస్త చెడగొట్టి చేస్తే? ఎవరికీ తెలియదు. ఇంటికి వెళ్ళొచ్చు. సెరిమనీలో చిన్న మొక్క చేతికిచ్చి ఫోటో తీస్తారట. కొట్టుకి ప్లైవుడ్ అలాగే ఉంటుంది. మళ్ళీ వస్తామన్నవాళ్ళు వస్తారు. ఒక్క అంగుళం.

"సునో భాయ్," అన్నాడు బాలమురళి.

ముక్కులో మొదలై, ఛాతీలోకి దిగుతూ, విరగాల్సిన చోట విరుగుతూ. వెజ్ బిర్యానీ అంటే ఏంది. అదే దేగ్షా. ఖలీద్ కళ్ళు మెరిశాయి, చూసిండ్రా మేడమ్ అన్నట్టు ఆమెకేసి తల ఊపాడు. మీ పూజలకు గూడ అనే చోట బాలమురళి ఆగి, పెదాలు దగ్గరికి చేసి, సన్నగా, టిరిరీ టిరిరీ అని మిషన్ పాట పాడాడు. పోలీసమ్మ తలెత్తింది. ఎవ్వరన్న గుర్తు వట్టిండ్రా. నవ్వు, మూడు విడతలు, దగ్గు. వీడియో అక్కడితో అయిపోతుంది. బాలమురళి ఆగలేదు. ఆ పూట బట్టలుతికే గదిలో చెప్పిన మిగతా ఐదు సెకన్లూ, తన సొంత గొంతులో, అప్పటి నవ్వుతోనే చెప్పాడు. "అయ్య బాబోయ్, ఇది గానీ మన ఖలీద్ వింటే నన్ను ఇదే దేగ్షాలో వేసి వండేస్తాడు!"

ఆ చివరి ముక్క వీడియోలో లేదు కదా అని అడిగింది పోలీసమ్మ. లేదు, నా ఫోన్‌లో ఉంది, ఆ గొంతు నాది, అని ఇంగ్లీషులో చెప్పి బాలమురళి ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. భుజం మీద ఖలీద్ చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఎందుకు చేశావని అడుగుతాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు.

"అప్పుడు ఎవరెవరుండిండ్రు?" అన్నాడు ఖలీద్, చాలా మెల్లగా, తెలుగులో.

"పద్దెనిమిది మంది."

"అందరు నవ్విండ్రా భాయ్?"

కిట్టు కుర్చీలోంచి జారడం, సింధుజ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, వరలక్ష్మీ వ్రతానికి మొదటి ఆర్డర్ ఇచ్చినావిడ కళ్ళు తుడుచుకోవడం, గీతిక కూడా, ఒక్కొక్కరే కళ్ళముందు నుంచి వెళ్ళారు.

"అందరం," అన్నాడు.

ఖలీద్ తల ఊపాడు. భుజం మీద చెయ్యి తీసి, జేబులోంచి వ్యాను తాళాలు తీసుకుని బయటికి వెళ్ళాడు. గాజు తలుపులోంచి కనబడుతున్నాడు. వెనక తలుపు తెరిచి, వంగి, పచ్చ పిడులున్న దేగ్షాని రెండు చేతులా కావలించుకుని ఒక్కడే లాగుతున్నాడు. అది కదిలింది, వ్యాను అంచు మీద ఒరిగింది, అతని మోకాలు వంగింది. బాలమురళి తలుపు వైపు రెండడుగులు వేశాడు.

"సర్, మీరు ఇక్కడే ఉండాలి," అంది పోలీసమ్మ.